ఇరవై రెండో మెట్టు

దొంగ పేరు ముందే రాసిపెట్టుకున్న ఇంటికి డిటెక్టివ్‌తో పనేముంటుంది? తెల్లాపూర్‌లోని ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో అడుగుపెట్టగానే జ్యోత్స్నకు కలిగిన సందేహం అదే. హాల్లో సోఫా నడుమ ఉదయ్ భాస్కర్ కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో టాబ్లెట్, టాబ్లెట్‌లో ముప్పాతిక వంతు పూర్తయిన రిపోర్టు, రిపోర్టులో ఐదారు చోట్ల జోయెల్ పేరు.

ఉదయ్ భాస్కర్ ఒకప్పుడు ఆమెకు బాస్. గచ్చిబౌలి అద్దాల మేడలో ఆయనకో పెద్ద ఏజెన్సీ ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీల క్లెయిములు, ఐటీ కంపెనీల్లో చేరేవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు అన్నీ ఆ మేడలోనే తేలుతాయి. జ్యోత్స్న అక్కడ ఆరేళ్లు పనిచేసి, ఒకరోజు చెప్పాపెట్టకుండా బయటికొచ్చి, చందానగర్ మార్కెట్లో టిఫిన్ సెంటర్ పైన గది కిరాయికి తీసుకుని సొంత బోర్డు పెట్టుకుంది. ఆయన ముందు తేల్చేసి తర్వాత వెతుకుతాడని ఆమె ఫిర్యాదు. ఆమె వెతుకుతూనే ఉంటుందని, తేల్చదని ఆయన ఎగతాళి. ఇద్దరి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు.

జరిగింది పెద్ద కథేమీ కాదు. ఇంటి యజమాని కృపానందం లెక్కల లెక్చరర్‌గా రిటైరైన మనిషి, చర్చిలో సంఘపెద్ద. ఆయన భార్య విమలకు ఒక్కడే తమ్ముడు, కిరణ్ పాల్. మూడేళ్ల కిందట పోయాడు. పోతూ అక్కకు వదిలిపెట్టింది ఒక్కటే, తన ఎలక్ట్రిక్ గిటార్. అరవైల్లో అమెరికాలో తయారైన స్ట్రాటోకాస్టర్. ఇప్పుడు దాని ధరకు చందానగర్‌లో చిన్న ఫ్లాటొకటి వస్తుందంటారు. కృపానందం దాన్ని ఇన్సూర్ చేయించి బీరువాలో పెట్టాడు. పాలసీ రెన్యువల్ కోసం మొన్న కంపెనీ పంపిన నిపుణుడు పెట్టె తెరిచి, ఒక్క చూపు చూసి, ఇది చవకరకం నకలని చెప్పి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

బీరువా తాళంచెవులు రెండు. ఒకటి కృపానందం దగ్గర, రెండోది జోయెల్ దగ్గర. కిరణ్ పాల్ దగ్గర గిటార్ నేర్చుకున్న కుర్రాడు జోయెల్. గురువు పోయాక తీగలు మార్చడం, పండక్కి చర్చిలో దాన్ని వాయించడం అతని వంతుకు వచ్చాయి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చిన ఉదయ్ భాస్కర్ అతని ఫోన్ తీసి చూస్తే మూడు నెలలుగా చవక నకళ్ల వేటే. ఇంకేం కావాలి? సాయంత్రం నాలుగింటికి రిపోర్టు పంపుతానని, దానితోపాటు పోలీసు ఫిర్యాదు మీద కృపానందం సంతకం పెట్టాలని ఉదయ్ భాస్కర్ చెప్పేశాడు.

జోయెల్‌కు సోమవారం ఉద్యోగం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో మొదటి ఉద్యోగం. పేరు మీద ఒక్క ఫిర్యాదు ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో ఏమవుతుందో జ్యోత్స్నకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆరేళ్లు అలాంటివాళ్ల పేర్ల పక్కన ఎర్ర గుర్తులు పెట్టిన చేతులు ఆమెవే. ఆ గుర్తు చూశాక మిగతా పేజీలు చదివే పుణ్యాత్ములు ఏ కంపెనీలోనూ ఉండరు. అందుకే నిన్న విమల చందానగర్ గది మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, "పిల్లాడి బతుకు పాడైపోతుందమ్మా, మీరొక్కసారి చూడండి" అన్నప్పుడు జ్యోత్స్న ఫీజు మాట కూడా ఎత్తలేదు.

ముందు జోయెల్‌తో మాట్లాడాలంది. ఉదయ్ భాస్కర్ చిరునవ్వుతో దారి వదిలాడు. వాషింగ్ మెషీన్ ఉన్న వెనక బాల్కనీలో ఇద్దరూ నిలబడ్డారు. కుర్రాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భయపడుతున్నా తల ఎత్తే నిలబడ్డాడు.

"మూడు నెలలు దుకాణాలు తిరిగినవంట. నిజమేనా?"

"నిజమే మేడమ్. అసలుది కొనే తాకత్ మనకేడిది? దాని లెక్క పలికే చవకది ఒకటి దొరుకుతదేమో అని చూసిన. చివరికి దొరికింది. ఇంట్ల ఉంది."

"ఎట్ల ఎంచుకున్నవ్?"

అంతే, కుర్రాడి ముఖం మారిపోయింది. నేరం మోపబడ్డవాడు పోయి, పిచ్చి పట్టినవాడు వచ్చి నిలబడ్డాడు. అందరూ ముందు రంగు చూస్తారని, రంగు ఆఖరున చూడాలని చెప్పాడు. ముందు మెడ పట్టుకోవాలి, అరచేతిలో అది ఇమడాలి. వీణకు ఉన్నట్టే గిటార్ మెడ మీద మెట్లుంటాయి. ఆ పాత మోడల్‌కి అవి ఇరవై ఒకటి. ఇప్పుడొచ్చే చవకవాటిలో చాలావాటికి ఇరవై రెండు. కింద తీగలు ఆనే బ్రిడ్జిని పాతదానిలో ఆరు మరలు పట్టుకుని ఉంటాయి, కొత్తవాటిలో రెండే. ఈ రెండూ సరిపోయినవి ఏరుకుని, వాటిని ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని, స్పీకర్ మిషన్‌కు తగిలించకుండా ఉత్తి చెక్క మోగే తీరు వినాలట. చెక్క బాగుంటే మిగతా భాగాలు జీతాలొచ్చాక ఒక్కోటి మార్చుకోవచ్చట.

"ఇదంత ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరడిగితే వాళ్లకు చెప్పిన మేడమ్. మా బ్యాండోళ్లకు, ఇంటర్వ్యూల ఒక సార్‌కు, చర్చి యూత్‌కు ఒకటి కొందామని వేసవిల కృపానందం అంకుల్ అడిగితే ఆయనకు. గిటార్ గురించి అడిగితే నేనాగను. అదొక రోగం నాకు."

అసలు గిటార్‌ను ఆఖరిసారి ఈస్టర్ ఆరాధనలో వాయించానని, ఆ తర్వాత ఇంటర్వ్యూల గొడవలో పడి ఈ బీరువా వైపే రాలేదని అన్నాడు. మరి ఎవరు మార్చి ఉంటారని అడిగితే మాత్రం అంతసేపూ వాగిన నోరు మూతపడింది. "నాకు తెల్వదు మేడమ్" అని వాషింగ్ మెషీన్ మూత వైపు చూశాడు. వెరిఫికేషన్లలో వేలమంది ముఖాలు చదివిన జ్యోత్స్నకు అర్థమైంది. తనను కాపాడుకోవడానికి దాచేవాడు ఇలా తల దించుకోడు. వీడు ఇంకెవరి కోసమో నోరు కుట్టుకున్నాడు.

హాల్లోకి వచ్చి పెట్టె తెరిపించింది. లోపల గిటార్ పడుకుని ఉంది. వెలిసిన ఇటుక రంగు, తెల్ల పలక, తళతళలాడే తీగలు. గోటితో మెట్లు లెక్కపెట్టింది. ఇరవై రెండు. మరోసారి లెక్కపెట్టినా ఇరవై రెండే. బ్రిడ్జి దగ్గర మరలు రెండు. అంటే జోయెల్ చెప్పిన రెండు పరీక్షల్లోనూ ఇది తప్పింది, చెక్క మోత వినేదాకా వెళ్లక్కర్లేదు. కానీ రంగు? పాత గిటార్ ఫోటో గోడ మీదే ఉంది, చర్చి వేదిక మీద కిరణ్ పాల్ నవ్వుతూ పట్టుకున్నది. ఎన్నో ఎండలకు వెలిసి ఇటుకకూ మందారానికీ మధ్య ఎక్కడో ఆగిన ఆ రంగు ఇక్కడ తూచా తప్పకుండా కుదిరింది. మిగతా అన్నీ తప్పి, రంగొక్కటే ఇంత బాగా కుదరడం విచిత్రం.

గిటార్‌ను తిప్పింది. తల వెనక భాగంలో బొటనవేలంత మేర జిడ్డుగా ఉంది, దాని మీద దుమ్ము అంటుకుంది. దుమ్ము సిలువ ఆకారంలో అంటుకుంది. పెట్టె మూత అరలో చెయ్యి పెడితే ఒక చిన్న గుడ్డముక్క తగిలింది. ఇటుక రంగు.

"అది తుడిచే గుడ్డ, జ్యోత్స్నా" అన్నాడు ఉదయ్ భాస్కర్ కూర్చున్నచోటి నుంచే. "దాన్ని కూడా ఎవిడెన్స్ అంటావా?"

జ్యోత్స్న జోయెల్ ఫోన్లో అతని సొంత గిటార్ ఫోటో చూపించమంది. నల్లది. ఇరవై ఒక్క మెట్లు, ఆరు మరలు. ఆ ఫోన్ తీసుకెళ్లి ఉదయ్ భాస్కర్ ముందు పెట్టింది.

"ఇగో, ఈ పిల్లగాడు మూడు నెలలు తిరిగి ఏరుకున్నది. పెట్టెల ఉన్నది మెట్లు కూడ లెక్కపెట్టనోళ్లు కొన్నది. ఇద్దరు ఒక్కరెట్లయితరు?"

ఉదయ్ భాస్కర్ ఏమీ తొణకలేదు. మంచిది తనకు ఉంచుకున్నాడని, నాసిరకంది ఇక్కడ పెట్టాడని, దొంగలకు కూడా ప్రయారిటీస్ ఉంటాయని అన్నాడు.

"దొరికిపోయేదాన్ని బీరువాల పెట్టి, దొరకనిదాన్ని ఇంట్ల పెట్టుకునే దొంగను మీరు ఎన్నడన్న చూసిండ్రా, సార్?"

సార్ అన్నందుకు ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆరేళ్ల అలవాటు నాలుకను వదలదు. ఆయన అది గమనించి సంతోషించాడు. నాలుగింటిదాకా టైముందని, ఈలోగా తాళంచెవి ఉన్న ఇంకో మనిషిని చూపిస్తే రిపోర్టు తనే చెరిపేస్తానని పెద్దమనసుతో చెప్పాడు. తాళంచెవి ఉన్న ఇంకో మనిషి అంటే కృపానందమే కదా. ఆయన పడకకుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

జ్యోత్స్న గుడ్డముక్కను వేళ్లతో నలిపి చూసింది. ఒక్కసారి కూడా ఉతకలేదు, కొత్తగుడ్డ బిరుసుతనం అలాగే ఉంది. అంచులు వంకీలు వంకీలుగా కత్తిరించి ఉన్నాయి. దాన్ని గిటార్ మీద పరిచింది. గుడ్డ ఎక్కడ మొదలైందో, గిటార్ ఎక్కడుందో తెలియనంతగా కలిసిపోయింది. అక్కడున్న ముగ్గురు మగవాళ్లకూ అది గుడ్డముక్కే. జాకెట్టు ముక్క కోసం చీర చెంగు పట్టుకుని గడప బయట వెలుతురులో నిలబడి చూసుకున్న ఏ ఆడమనిషికైనా అదేమిటో చెప్పక్కర్లేదు. గిటార్‌ను సంకలో పెట్టుకుని బజారుకు పోలేరు. ముందు మ్యాచింగ్ సెంటర్ నుంచి నాలుగైదు ముక్కలు ఇంటికి తెచ్చి, దాని మీద పరిచి, రంగు కుదిరిన ముక్కను పట్టుకుని గిటార్ల దుకాణానికి వెళ్లారు.

మాటవరసకన్నట్టు కృపానందాన్ని అడిగింది, ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే ఏం చేస్తారని. ఆయన కొంచెం గర్వంగానే చెప్పాడు. "మా ఇంట్లో మిక్సీ అయినా సరేనండి, పాస్టర్ గారు నూనె పూసి ప్రార్థన చేయందే మొదలుపెట్టం. విమలకు ఆ పట్టింపు మరీ ఎక్కువ."

గిటార్ తల వెనక ఆ జిడ్డు సిలువ ఎవరు పెట్టించారో జ్యోత్స్నకు తెలిసిపోయింది. గుడ్డముక్క గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. విమల టీ వడపోస్తోంది. కట్టుకున్న నేత చీరకూ జాకెట్టుకూ రంగు వెంట్రుకవాసి తేడా లేదు. జ్యోత్స్న ముక్కను గట్టు మీద పెట్టింది. విమల దాన్ని చూసి, స్టవ్ ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పాస్టర్ గారికి ఫోను చేస్తారా అమ్మా?"

"మీరు చెప్తే చెయ్య."

"రాత్రిళ్లు మా ఆయన ఎవరితోనో గిటార్ ఖరీదు గురించి ఫోన్లో మాట్లాడుతుంటే విన్నానమ్మా. అమ్మేస్తారనుకున్నాను. మా తమ్ముడి చెయ్యి తగిలిన వస్తువు ఇంకొకటి లేదు నాకు. ఆయన నిద్రపోయినప్పుడు తాళంచెవి తీసి మార్చేశాను. ఆ నకలును ఇంటికి తెచ్చేముందు ప్రార్థన చేయించాను, అబద్ధానికైనా సరే, దీవెన లేని వస్తువు వాడి పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. నిపుణుడొస్తాడనీ, ఈ పిల్లాడి మెడకు చుట్టుకుంటుందనీ అనుకోలేదు. ఆయన ముందు నా నోటితో చెప్పే ధైర్యం లేదు. మీరు పట్టుకుంటారనే మీ దగ్గరికి వచ్చాను."

తనను తానే పట్టించడానికి డిటెక్టివ్‌ను పెట్టుకున్న క్లయింటు జ్యోత్స్నకు ఇంతవరకు తగల్లేదు. కోపం రావాలి, రాలేదు. పట్టుకున్నది తనే అయినా చెప్పాల్సింది మీరేనని మాత్రం అంది. విమల టీ కప్పుల పళ్లెం ఎత్తుకుని హాల్లోకి నడిచి, ఎవరి టీ వారికిచ్చి, నిలబడే మొత్తం చెప్పేసింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

జోయెల్ తల ఇంకా కిందికి వాల్చాడు. అతనికి ముందే తెలుసు. ఒక ఆదివారం తన నల్ల గిటార్‌కు ప్రార్థన చేయించుకుందామని పాస్టర్ గదికి వెళ్తే అక్కడ విమల ఉంది, చేతిలో ఇటుక రంగు గిటార్. దొంగతనం బయటపడ్డాక అర్థమైంది. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని జ్యోత్స్న అడిగితే, "పాల్ సార్ అక్క కదా మేడమ్" అన్నాడు, అదొక్కటి చాలన్నట్టు.

విమల పడకగదిలోకి వెళ్లి, దివాన్ కింద దుప్పటిలో చుట్టిపెట్టిన గిటార్‌ను తెచ్చి బల్ల మీద పెట్టింది. వెలిసిన ఇటుక రంగు, గీతలు పడిన ఒళ్లు. ఉదయ్ భాస్కర్ లేచి వచ్చాడు. గిటార్‌ను బోర్లించి, మెడ ఒంటికి అతికే చోట నాలుగు మరలతో బిగించిన ఇనుప పలక మీది నంబర్‌ను పాలసీ నంబర్‌తో సరిచూశాడు. అంకె అంకె కలిసింది. మెట్లు ఇరవై ఒకటి. బ్రిడ్జికి మరలు ఆరు.

"ఒరిజినల్. కేస్ క్లోజ్డ్" అన్నాడు. ఆయనకు నిరాశగా ఉన్నా దాచుకున్నాడు, ఆ మాత్రం సంస్కారం ఉంది. టాబ్లెట్ తీసి జోయెల్ పేరున్న రిపోర్టును చెరపడం మొదలుపెట్టాడు.

"దేవునికి స్తోత్రం" అన్నాడు కృపానందం. "అయిపోయిందేదో అయిపోయింది. పెట్టెలో పెట్టి తాళం వేసేద్దామండి."

ఎందుకిలా చేశావని ఆయన భార్యను ఒక్క మాట కూడా అడగలేదు. అది జ్యోత్స్నకు ఒక పక్క మెచ్చుకోవాలనిపించింది, ఇంకో పక్క గుచ్చుకుంది.

పెట్టెలో పెట్టేముందు ఒక్కసారి పట్టుకుంటానని జోయెల్ అడిగాడు. విమల తనే ఎత్తి ఇచ్చింది. కుర్చీ అంచున కూర్చుని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో మెడ పట్టుకున్నాడు. బొటనవేలు మెడ వెనక భాగం మీద జారింది, ఆగింది, మళ్లీ వెనక్కి జారింది. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఆ వేలు అక్కడక్కడే తడుముకుంది. తీగ మీటనేలేదు.

ఉదయ్ భాస్కర్ వేలు ఇంకా టాబ్లెట్ మీదే ఉంది. పేరు సగమే చెరిగింది. జోయెల్ దాని వైపు చూశాడు. మాట్లాడకుండా ఆ గిటార్‌ను తిరిగి ఇచ్చేస్తే సోమవారం ఉద్యోగంలో చేరతాడు. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"ఆంటీ, ఇది పాల్ సార్ గిటార్ కాదు."

నంబర్ కలిసింది కదయ్యా అన్నాడు ఉదయ్ భాస్కర్. నంబర్ సంగతి తెలియదన్నాడు జోయెల్. పాల్ సార్ ఎడమ బొటనవేలికి లావుపాటి ఉంగరం ఉండేది. ఏళ్ల తరబడి అది ఒరుసుకుని మెడ వెనక చిన్న గుంట పడింది. ఈస్టర్‌నాడు వాయించినప్పుడు కూడా తన వేలు ఆ గుంటలోనే ఆనింది. ఇందులో గుంట లేదు.

జ్యోత్స్న గిటార్ అందుకుని బోర్లించింది. పలక పాతదే, అంచులకు తుప్పు ఉంది. కానీ దాన్ని పట్టి ఉంచిన నాలుగు మరల తలలూ కొత్తగా గీరుకుపోయి మెరుస్తున్నాయి. ఎవరో ఈమధ్యే స్క్రూడ్రైవర్ పెట్టారు. అసలుదాని పలక విప్పి దీనికి బిగించారు. అంటే విమల దొంగచాటుగా మార్చి, దుప్పటిలో చుట్టి, కంటికి రెప్పలా కాచుకున్నది తమ్ముడి గిటార్‌ను కాదు. అది బీరువాలోంచి అంతకుముందే మాయమైంది.

ఉదయ్ భాస్కర్ నెమ్మదిగా కూర్చున్నాడు. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. "ఇరవై ఒక్క మెట్లు. ఆరు మరలు. బాబూ, ఇది అచ్చం నువ్వు చెప్పిన పద్ధతిలో ఏరింది. నీకది అర్థమవుతోందా?"

"అర్థమైతుంది సార్" అన్నాడు జోయెల్. "గట్లని పాల్ సార్‌ది కానిదాన్ని ఆయనదని ఎట్లంట?"

ఆ మాటతో జ్యోత్స్న మనసులో ఆఖరి అనుమానం కూడా పోయింది. దొంగ అయితే ఈ గిటార్‌ను ముద్దుపెట్టుకుని పెట్టెలో పెట్టి ఉండేవాడు. దీన్ని ఏరినవాడికి జోయెల్ పరీక్షలన్నీ తెలుసు, జోయెల్ బొటనవేలికి తెలిసిన గుంట మాత్రం తెలియదు. వాయించేవాడు కాదు. అడిగి తెలుసుకున్నవాడు. వెనక బాల్కనీలో కుర్రాడు చెప్పిన జవాబు మాట మాటా గుర్తుకొచ్చింది. బ్యాండోళ్లు, ఇంటర్వ్యూ సారు. వాళ్లకు ఈ బీరువా తాళంచెవి లేదు.

ఆమె గిటార్‌ను బల్ల మీద పెట్టి, పడకకుర్చీ వైపు తిరిగింది.

"అంకుల్, వేసవిల జోయెల్‌ను అడిగి గిటార్ కొన్నరు కదా. అది ఇదేనా?"

కృపానందం తొందరపడలేదు. తుడిచిన కళ్లద్దాలనే మళ్లీ తుడిచాడు. పెట్టుకున్నాడు. "కొన్నది నిజమేనండి. చర్చి యూత్ కోసం కొన్నాను. వాళ్లకిచ్చేశాను."

విమల అప్పటిదాకా గోడ మీది ఫోటోనే చూస్తూ నిలబడి ఉంది. భర్త వైపు తిరిగింది.

"మన యూత్‌కి గిటార్ ఎక్కడుందండీ? ప్రతి ఆదివారం జోయెల్ తనది తెచ్చుకుంటేనే కదా పాట మొదలవుతుంది."

ఉదయ్ భాస్కర్ టాబ్లెట్ మీద సగం చెరిగిన జోయెల్ పేరును పూర్తిగా చెరిపేశాడు. ఖాళీ అయిన ఆ చోట కొత్త పేరు టైపు చేయకుండా, మొదటిసారి, ఆగి జ్యోత్స్న ముఖంలోకి చూశాడు.

విమల బల్ల దాటి వచ్చి భర్త కుర్చీ ముందు నిలబడింది.

"నేను చేసిన తప్పు నేను చెప్పుకున్నాను. మా తమ్ముడి గిటార్ ఎక్కడుందో మీరు చెప్పండి."